సంచి కన్ను పెంచినా పిల్ల చేపలు ఎందుకు తగ్గడం లేదు?

మీరు చెప్పినదాన్ని ముందు క్లుప్తంగా తిరిగి చెబుతాను. బోటు వెనక లాగే ట్రాల్ వల చివర, చేప పోగుపడే సంచిలో కన్ను (దారాల మధ్య ఖాళీ) సైజును 30 మిల్లీమీటర్ల నుంచి 40 మిల్లీమీటర్లకు పెంచారు. ఒక సీజన్ పాటు ఆ సంచితోనే వేటాడారు. అయినా డెక్కు మీద పోసిన కుప్పలో పిల్ల చేపల వాటా చెప్పుకోదగినంతగా తగ్గలేదు. కన్ను ఇంకా పెంచుదామంటే రొయ్యలూ అమ్ముడుపోయే చేపలూ జారిపోతాయని సరంగు (బోటు నడిపే పెద్ద) ఒప్పుకోవడం లేదు. ఇక చేయగలిగింది ఏమైనా ఉందా అన్నది మీ ప్రశ్న.

చేయగలిగింది చాలా ఉంది. దానిలో ఎక్కువ భాగానికి కన్ను పెంచనవసరం లేదు. కొలబద్దతో సాగదీసి చూసే కన్ను సైజు ఒకటి, నీళ్ళలో బరువు మీద సాగుతున్న వలలో ఆ కన్ను నిజంగా తెరుచుకొని ఉండే వెడల్పు మరొకటి. పిల్ల చేపకు పనికివచ్చేది రెండోది. మనం నిబంధనల్లో రాసుకునేదీ కొట్లో అడిగి కొనేదీ మొదటిది. ఈ రెండింటి మధ్య ఉన్న ఎడాన్ని తగ్గించడమే ట్రాల్ వల ఎంపిక గుణాన్ని, అంటే పెద్ద చేపను నిలిపి పిల్ల చేపను వదిలే గుణాన్ని, మెరుగుపరచడంలో మొదటి పని అని ఇన్నేళ్ళ అనుభవం తర్వాత నేను గట్టిగా నమ్ముతున్నాను.

నీటి కింద కెమెరా పెట్టి లాగుతున్న సంచిని మొదటిసారి చూసినవాళ్ళు ఆశ్చర్యపోతారు. వల పొట్ట నుంచి సంచి దాకా కళ్ళన్నీ పొడవునా సాగి, దాదాపు మూసుకుపోయి, పక్కపక్కన పేర్చిన పుల్లల్లా కనిపిస్తాయి. చేప పోగుపడిన చోట సంచి గుమ్మడికాయలా ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు సరిగ్గా ముందున్న కొద్ది వరుసల కళ్ళు మాత్రం బాగా విచ్చుకొని ఉంటాయి. తప్పించుకునే చేపల్లో ఎక్కువ భాగం ఆ కొద్ది వరుసల గుండానే బయటపడతాయి. అంటే మీటర్ల పొడవున్న సంచిలో నిజంగా పనిచేసే కిటికీ మూరెడు కూడా ఉండదు.

దీన్ని లెక్కలో చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 40 మిల్లీమీటర్ల కన్ను అంటే ముడి నుంచి ముడికి ఒక్కో భుజం 20 మిల్లీమీటర్లు. దారం మందాన్ని పక్కన పెడదాం. బరువు మీద సాగిన వజ్రాకారపు కన్ను తన పూర్తి వెడల్పులో ఐదో వంతు మాత్రమే తెరుచుకుందనుకుంటే, దాని వెడల్పు 8 మిల్లీమీటర్లు, పొడవు సుమారు 39 మిల్లీమీటర్లు అవుతుంది. అదే కన్నును చదరంగా నిలబెడితే 20 మిల్లీమీటర్ల వెడల్పూ అంతే పొడవూ ఉన్న దారి ఏర్పడుతుంది. దారం అదే, కన్ను అదే, తెరిచి ఉన్న వైశాల్యం మాత్రం రెండున్నర రెట్లు ఎక్కువ. 15 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రటి ఒంటి పిల్ల చేప మొదటిదాంట్లో తల కూడా పెట్టలేకపోతుంది, రెండోదాంట్లోంచి సులువుగా జారుకుంటుంది. మీరు 30 నుంచి 40కి పెంచినప్పుడు ఆ చీలిక వెడల్పు 6 నుంచి 8 మిల్లీమీటర్లకు పెరిగి ఉంటుంది, అంతే. కుప్పలో తేడా కనబడకపోవడానికి ప్రధాన కారణం ఇదేనని నా అభిప్రాయం.

కాబట్టి కొత్త పరికరం ఏదైనా కొనేముందు ఇప్పుడున్న సంచిని విప్పి మూడు విషయాలు చూడండి. మొదటిది, సంచి చుట్టుకొలతలో ఎన్ని కళ్ళున్నాయి. చుట్టూ కళ్ళు ఎక్కువైతే సంచి వదులుగా ఉండి, ఒక్కో కన్ను విచ్చుకోవలసిన అవసరమే లేకుండా పోతుంది. పట్టు (వలలో పడే చేప) ఎక్కువవుతుందన్న ఆశతో కళ్ళ సంఖ్య పెంచి కుట్టిన సంచులను నేను తరచుగా చూశాను. కన్ను సైజు నిబంధన ప్రకారం పక్కాగా ఉంటుంది, ఎంపిక గుణం మాత్రం సున్నాకు దగ్గరగా ఉంటుంది. రెండోది, దారం మందం. మందపు దారం, జంట దారం వంగవు. చేప తలతో నెట్టినా కన్ను రూపం మారదు. సన్నని, మెత్తని దారంతో అల్లిన అదే సైజు కన్ను చేప ఒంటికి తగ్గట్టు కొంత సర్దుకుంటుంది. యూరప్‌లో 1998 నాటి 850/98 నిబంధన కన్ను సైజుతో ఆగకుండా దారం మందానికీ, చుట్టుకొలతలోని కళ్ళ సంఖ్యకూ కూడా పరిమితులు పెట్టింది. ఒక్క కొలతను మాత్రమే నియంత్రిస్తే మిగిలిన రెండు దాన్ని వమ్ము చేస్తాయని అక్కడి వాళ్ళు అనుభవంతో తెలుసుకున్నారు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. సంచి మీద ఇంకేమేం కప్పి ఉన్నాయో చూడండి. ఒకసారి ఒక బోటు మీద రెండు రోజుల ప్రయోగం చేశాను. కొత్త సంచి కట్టినా ఫలితం ఏమాత్రం మారలేదు. లెక్కలన్నీ తిరగేసి, చివరికి సంచిని డెక్కు మీద పరిచి చేత్తో తడిమి చూస్తే, నేల రాపిడికి చిరగకుండా అడుగున కట్టిన పాత వల ముక్క పక్కల దాకా చుట్టుకొని ఉంది. రెండు వలల కళ్ళు ఒకదాని మీద ఒకటి పడి, నా చిటికెన వేలు కూడా దూరనంతగా మూసుకుపోయాయి. తప్పు బోటు వాళ్ళది కాదు. అది చూడకుండా ప్రయోగం మొదలుపెట్టిన తప్పు నాది. రాపిడి రక్షణ అవసరమే, కానీ దాన్ని సంచి కింది సగానికే పరిమితం చేసి, ముందు అంచు మాత్రమే కుట్టి, వెనక అంచును వదులుగా ఉంచాలి.

ఈ మూడూ సరిచేశాక కన్నును తెరిచి ఉంచే మార్గాల గురించి ఆలోచించవచ్చు. చదరపు కన్ను సంచి అందరికీ తెలిసినదే. వలను భుజం వెంట కోసి, దారాలు సగం వల పొడవునా, సగం అడ్డంగా నడిచేలా కుట్టడం. లాగుడు బరువును పొడవునా ఉన్న దారాలు మోస్తాయి, అడ్డ దారాల మీద బరువు పడదు, అందువల్ల కన్ను మూసుకోదు. దీనిలో ఇబ్బంది ఏమిటంటే ముడులు జారవచ్చు, చిరిగితే బాగుచేయడం వజ్రాకారపు వలంత సులువు కాదు, వల కోతలో కొంత వృథా కూడా అవుతుంది. ముడులు గట్టిగా బిగించి వేడితో స్థిరపరచిన వల గానీ, ముడి లేని వల గానీ దొరికితే ఈ బాధ తగ్గుతుంది.

టీ90 అనే పద్ధతికి రావలసినంత ప్రచారం రాలేదని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. మామూలు వల గుడ్డనే 90 డిగ్రీలు తిప్పి కుట్టడం, అంతకుమించి ఏమీ లేదు. సాధారణంగా వల సాగినప్పుడు ముడి బిగుసుకొని రెండు భుజాలనూ దగ్గరకు లాగుతుంది. తిప్పి కుట్టినప్పుడు అదే ముడి రెండు భుజాల మధ్య అడ్డుగా నిలబడి, తన మందం మేరకు వాటిని ఎడంగా ఉంచుతుంది. కొత్త వల కొననవసరం లేదు, చదరపు వలలా కోయనవసరం లేదు, మరమ్మతు మామూలుగానే చేసుకోవచ్చు. అయితే తిప్పిన వలకు చుట్టుకొలతలో కళ్ళ సంఖ్యను సుమారు సగానికి తగ్గించాలి. చాలామంది ఇది మరిచిపోయి, టీ90 పనిచేయడం లేదని వదిలేస్తారు. బాల్టిక్ సముద్రంలో కాడ్ చేప వేటకు, సంచి పై భాగంలో చదరపు కన్ను వల ముక్కతో కుట్టిన కిటికీ ఉన్న బకోమా సంచి గానీ టీ90 సంచి గానీ వాడాలన్న నిబంధన వచ్చింది. అంటే ఇది ప్రయోగశాలలో మిగిలిపోయిన ఆలోచన కాదు, వందలాది బోట్లు వాడిన పద్ధతి.

ఇంకో చిన్న ఉపాయం కూడా ఉంది. సంచి పక్కల పొడవునా కుట్టే తాళ్ళను వల పొడవు కంటే పొట్టిగా కడితే లాగుడు బరువు తాళ్ళ మీద పడుతుంది. వల వదులై కళ్ళు విచ్చుకుంటాయి. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు.

ఇప్పుడు సరంగు భయం సంగతి. ఆ భయం నిరాధారమైనది కాదు, కనుక దానికి సూటిగా జవాబు చెప్పాలి. సంచిలోకి వచ్చిన ఏ పొడవు చేపల్లో సగం నిలిచిపోయి సగం తప్పించుకుంటాయో ఆ పొడవును ఎల్50 అంటారు. నూటికి 25 చేపలు నిలిచే పొడవుకూ 75 చేపలు నిలిచే పొడవుకూ మధ్య ఉన్న తేడాను ఎంపిక వెడల్పు అందాం. కన్ను సైజు పెంచితే ఎల్50 పెరుగుతుంది, కానీ సాధారణంగా దానితోపాటు ఎంపిక వెడల్పు కూడా పెరుగుతుంది. పర్యవసానంగా పిల్ల చేపలు కొన్ని పోతాయి, పెద్ద చేపలు కూడా కొన్ని పోతాయి. సరంగు చూసేది ఈ రెండోదాన్ని. మనకు కావలసినది ఎల్50ని సరైన చోట నిలబెట్టి, ఎంపిక వెడల్పును సాధ్యమైనంత తగ్గించడం. ఉదాహరణకు ఒక చేప 15 సెంటీమీటర్ల వద్ద అమ్మకానికి పనికివస్తుందనుకుందాం. ఎల్50 14 సెంటీమీటర్లు, ఎంపిక వెడల్పు 6 సెంటీమీటర్లు ఉన్న సంచి 11 సెంటీమీటర్ల పిల్లల్లో పావు భాగాన్ని పట్టుకొస్తుంది, 17 సెంటీమీటర్ల మంచి చేపల్లో పావు భాగాన్ని వదిలేస్తుంది. వెడల్పు 2 సెంటీమీటర్లకు తగ్గితే ఈ రెండు నష్టాలూ దాదాపు మాయమవుతాయి. కళ్ళన్నీ ఒకే తీరుగా తెరిచి ఉన్న సంచిలో ఈ వెడల్పు తగ్గే అవకాశం ఎక్కువ. వజ్రాకారపు సంచిలో లాగుడు లాగుడుకూ, పట్టు బరువును బట్టీ, అలల తాకిడిని బట్టీ కన్ను తెరుచుకోవడం మారిపోతుంటుంది, అందుకే దాని వెడల్పు ఎక్కువ.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చదరపు కన్ను గుండ్రటి ఒంటి చేపలకు మేలు చేస్తుంది. పక్కలకు నొక్కినట్టుండి ఎత్తుగా కనిపించే పలచటి చేపలకూ, నేలకు అంటుకొని ఉండే బల్లపరుపు చేపలకూ వజ్రాకారపు చీలికే అనువైన దారి. అవి పక్కకు వాలి జారుకోగలవు. వెచ్చని సముద్రాల్లో ఒక్క లాగుడులో పదుల జాతులు పడతాయి. వాటిలో ఒక జాతి ముదురు చేప ఇంకో జాతి పిల్ల చేపంత ఉంటుంది. అన్నింటికీ సరిపోయే ఒకే కన్ను ఉండదు. మీ పట్టులో బరువు రీత్యానో విలువ రీత్యానో ముఖ్యమైన మూడు నాలుగు జాతులను ఎంచుకొని, ఏ జాతి పిల్లలను తప్పించాలో ముందే నిర్ణయించుకోండి. ఈ నిర్ణయం లేకుండా మొదలుపెట్టిన ప్రయోగాలు ఏ తీర్మానానికీ రావు.

సంచికి ముందు భాగంలో ఏం చేయవచ్చన్నది చేప ప్రవర్తన మీద ఆధారపడి ఉంటుంది. 3 నాట్ల వేగంతో లాగే వల సెకనుకు సుమారు ఒకటిన్నర మీటర్లు కదులుతుంది. 40 సెంటీమీటర్ల చేపకు అది తన ఒంటి పొడవుకు నాలుగు రెట్ల లోపు వేగం, కాబట్టి వల నోటి ముందు కొంతసేపు ఈదగలదు. 10 సెంటీమీటర్ల పిల్లకు అదే వేగం ఒంటి పొడవుకు 15 రెట్లు. అది కొద్ది సెకన్లలోనే అలసి వెనక్కి జారిపోతుంది. అలసిన పిల్ల చేప వల గోడ దగ్గర దారి వెతుక్కుంటుందని ఆశించలేము, నీళ్ళు తోసిన దారిలోనే సంచి దాకా పోతుంది. సంచి దగ్గర, పోగుపడిన పట్టుకు ముందు, నీటి వేగం కొంత తగ్గుతుంది. పిల్ల చేప మళ్ళీ తేరుకొని ఈదడానికి అక్కడే అవకాశం దొరుకుతుంది. చదరపు కన్ను కిటికీని వల పొట్టలో ఎక్కడో పెట్టినప్పుడు పనిచేయక, సంచికి దగ్గరగా పై వైపున పెట్టినప్పుడు పనిచేయడానికి కారణం ఇదే. పైకి లేచే స్వభావం ఉన్న హాడాక్ వంటి చేపలు పై కిటికీని బాగా వాడుకుంటాయి. అడుగునే ఉండిపోయే కాడ్ అంతగా వాడుకోదు. మీ జాతులు ఏ వర్గానికి చెందుతాయో తెలియకుండా కిటికీ చోటు నిర్ణయించకండి. వీలైతే ఒక చిన్న కెమెరాను సంచి ముందు కట్టి రెండు లాగుడులు చూడండి. దానివల్ల వచ్చే అవగాహన ఇంకే విధంగానూ రాదు.

గ్రిడ్ల గురించి, అంటే వల లోపల అమర్చే కడ్డీల చట్రాల గురించి, అడిగేవాళ్ళు ఎక్కువ. నార్వేలో నోర్డ్‌మోరె గ్రిడ్ 1989 ప్రాంతంలో రూపుదిద్దుకుంది. దాని మొదటి ఉద్దేశం రొయ్యల వలలో నిండిపోయే జెల్లీ చేపలను బయటికి పంపడం. వాలుగా అమర్చిన కడ్డీల మధ్య 19 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. రొయ్యలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, పెద్ద చేపలు కడ్డీల వెంట పైకి జారి రంధ్రం గుండా బయటపడతాయి. పెద్ద చేపల విషయంలో దీని ఫలితం అద్భుతం. కానీ మీ సమస్య పిల్ల చేపలు. రొయ్యంత మందం ఉన్న పిల్ల చేప కడ్డీల మధ్యనుంచి రొయ్యతోపాటే సంచిలోకి పోతుంది. గ్రిడ్ పెట్టినా పిల్ల చేపలు వస్తున్నాయని నిరుత్సాహపడేవాళ్ళకు ఈ సంగతి ముందే చెప్పి ఉండాల్సింది. గ్రిడ్ తర్వాత మిగిలిన పనిని సంచి కళ్ళే చేయాలి. దీనికి తలకిందులుగా, చిన్న చేపను కడ్డీల గుండా బయటికి వదిలి పెద్ద చేపను సంచిలోకి మళ్ళించే గ్రిడ్లు కూడా ఉన్నాయి. బారెంట్స్ సముద్రంలో కాడ్, హాడాక్ ట్రాలర్లకు 55 మిల్లీమీటర్ల ఎడం ఉన్న అలాంటి గ్రిడ్‌ను 1997 నుంచి తప్పనిసరి చేశారు. చేప మరీ దట్టంగా వచ్చినప్పుడు గ్రిడ్ దగ్గర రద్దీ ఏర్పడి, చేప కడ్డీలను తాకకుండానే దాటిపోవడం అక్కడ గమనించిన ఇబ్బంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన పరికరం పిల్ల చేపలను బయటికి పంపడం, రొయ్యలను వేరుచేయడం అన్న రెండు పనులనూ ఒకే అమరికలో చేస్తుంది. దానికి 2005లో అంతర్జాతీయ స్మార్ట్ గేర్ పోటీలో బహుమతి వచ్చింది. చిన్న బోట్ల మీద బరువైన లోహపు చట్రాలను ఎత్తడం, దించడం ప్రమాదకరం కాబట్టి, మీ వింజి (వల ఎత్తే యంత్రం) సామర్థ్యాన్ని చూసుకున్న తర్వాతే గ్రిడ్ వైపు వెళ్ళమని నా సలహా.

అన్నిటికంటే మంచి ఎంపిక చేపను వలలోకే రానివ్వకపోవడం. అమెరికా పశ్చిమ తీరంలోని ఒరెగాన్ రొయ్యల ట్రాలర్ల మీద చేసి 2015లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకు చాలా నచ్చింది. వల కింది అంచు మధ్య భాగంలో పది ఆకుపచ్చ ఎల్‌ఈడీ దీపాలు కట్టారు. యూలకాన్ అనే చిన్న చేప పట్టు 91 శాతం తగ్గింది, రొయ్యల పట్టు తగ్గలేదు. అవే దీపాలను తీసుకెళ్ళి గ్రిడ్ దగ్గర కట్టి చూస్తే యూలకాన్ పట్టు తగ్గకపోగా రెట్టింపు దాటింది. ఒకే దీపం ఒక చోట చేపకు దారి చూపింది, మరో చోట దాన్ని ఉచ్చులోకి పంపింది. ఎక్కడో ఫలించిన పరికరాన్ని తెచ్చి మన వలలో మనకు తోచిన చోట కట్టకూడదని ఎవరికైనా చెప్పవలసి వస్తే నేను ఈ ఉదాహరణే చెబుతాను.

తప్పించుకున్న చేప బతుకుతుందా అన్న ప్రశ్న కూడా మీరు అడగాలి. కాడ్ వంటి గట్టి చేపలు కన్ను గుండా దూరి పోయినా ఎక్కువ భాగం బతుకుతాయని బోను ప్రయోగాల్లో తేలింది. హెర్రింగ్ వంటి, పొలుసు తేలిగ్గా రాలిపోయే మెత్తటి చేపల్లో మరణాలు చాలా ఎక్కువ. మీ పట్టులో అలాంటి మెత్తటి కవళ్ళ జాతి పిల్లలు ప్రధానమైతే, సంచి దగ్గర వదిలే పద్ధతుల కంటే అవి గుంపుగా ఉన్న చోటునూ వేళనూ తప్పించడమే మేలు. చేప ఎక్కడ తప్పించుకుందన్నది కూడా ముఖ్యమే. నేల దగ్గర తప్పించుకున్న చేప వేరు, వల ఎత్తుతుండగా నీటి ఉపరితలానికి వచ్చి, గాలి తిత్తి ఉబ్బిపోయాక తప్పించుకున్న చేప వేరు. రెండోది లెక్కలో తప్పించుకున్నట్టే కనిపిస్తుంది, అది పక్షుల పాలవుతుంది.

ఇక కొలత. కుప్పను చూసి అంచనా వేయడం మానండి. పట్టు రోజురోజుకూ మారుతుంది కాబట్టి కంటి అంచనా ఎప్పుడూ మోసం చేస్తుంది. సులువైన పద్ధతి సంచి మీద ఇంకో చిన్న కన్ను సంచిని తొడగడం. లోపలి సంచిలో నిలిచినవి, తప్పించుకొని పై తొడుగులో పడినవి రెండింటినీ పొడవు కొలిచి విడివిడిగా లెక్కపెట్టాలి. ప్రతి పొడవు దగ్గరా నిలిచిన వాటి నిష్పత్తిని గీస్తే ఎస్ అక్షరంలాంటి వక్రరేఖ వస్తుంది, ఎల్50, ఎంపిక వెడల్పు దాని నుంచే దొరుకుతాయి. తొడుగు పొడవులోనూ వెడల్పులోనూ లోపలి సంచికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, లోపల కళ్ళ మీద అతుక్కోకుండా వలయాలతో ఎడంగా నిలబెట్టాలి. నేను మొదట్లో వలయాలు లేకుండా తొడుగు కట్టి, ఒక మంచి సంచికి ఎంపిక గుణమే లేదని తప్పుడు నివేదిక రాశాను. తొడుగు కళ్ళను మూసేసిందని తర్వాత తెలిసింది. పట్టు ఎక్కువగా ఉంటే అన్ని చేపలనూ కొలవనక్కరలేదు, నమూనా తీయండి. కానీ నమూనా బరువునూ మొత్తం బరువునూ రెండు సంచులకూ వేరువేరుగా తప్పక రాసుకోండి. అది రాయకపోతే మిగిలిన కొలతలన్నీ వ్యర్థం. ఒకటి రెండు లాగుడులతో తీర్మానించకండి, లాగుడుకూ లాగుడుకూ మధ్య తేడా చాలా ఎక్కువ. 1996లో అంతర్జాతీయ సముద్ర అన్వేషణ మండలి, అంటే ఐసీఈఎస్, ప్రచురించిన కొలతల మార్గదర్శిని ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఆధారపడేదే.

నష్టం గురించి సరంగుతో దాపరికం లేకుండా మాట్లాడండి. మొదటి వారాల్లో పట్టు బరువు తగ్గుతుంది. తగ్గదని చెప్పి ఒప్పిస్తే రెండో రోజే నమ్మకం పోతుంది, మూడో రోజు సంచి లోపల చిన్న కన్ను వల చేరుతుంది. చెప్పవలసిన లెక్క ఇది: చేప పొడవు రెట్టింపైతే బరువు సుమారు ఎనిమిది రెట్లవుతుంది. 8 సెంటీమీటర్ల దగ్గర వదిలిన ఎనిమిది చేపల్లో 16 సెంటీమీటర్ల నాటికి రెండే మిగిలినా, అవి మొత్తంగా మొదటి ఎనిమిదింటికి రెట్టింపు బరువు తూగుతాయి, ధర సంగతి వేరే. కానీ ఆ రెండూ ఇదే బోటుకు దొరుకుతాయన్న హామీ లేదు. అందుకే ఒక్క బోటు మారితే ఫలితం రాదు, ఒకే వేట నేలను వాడే బోట్లన్నీ కలిసి మారాలి. వల ఒక్కటే అన్నీ చేయజాలదు కూడా. బాల్టిక్‌లో ఇంత శ్రద్ధగా సంచులను మార్చిన తర్వాత కూడా తూర్పు భాగపు కాడ్ వేటను 2019 జులైలో అత్యవసరంగా ఆపవలసి వచ్చింది. ఆ చేపను ఆక్సిజన్ తగ్గిన నీళ్ళు, ఆహారపు కొరత, పరాన్నజీవులు కూడా దెబ్బతీశాయి. అలాగని వల సంగతి చిన్నదేమీ కాదు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2019లో ప్రచురించిన అంచనా ప్రకారం, 2010 నుంచి 2014 వరకు ప్రపంచంలో ఏటా సగటున 91 లక్షల టన్నుల పట్టును తిరిగి సముద్రంలో పారేశారు. దానిలో 42 లక్షల టన్నులు అడుగు ట్రాల్ వలల నుంచి వచ్చినవే. అందులో అన్నీ పిల్ల చేపలు కావు, ఒడ్డుకు చేర్చిన పిల్ల చేపలు ఈ లెక్కలోకి రావు. అయినా మన వల వైపు నుంచి పడుతున్న భారం ఎంతటిదో అది చెబుతుంది.

మీ స్థానంలో నేనుంటే ఈ వరసలో చేస్తాను. ముందు ఇప్పుడున్న 40 మిల్లీమీటర్ల సంచికే తొడుగు కట్టి పది పన్నెండు లాగుడులు కొలుస్తాను, పోల్చడానికి ఒక ఆధారం కావాలి కాబట్టి. తర్వాత చుట్టుకొలతలో కళ్ళు తగ్గించి, రాపిడి వల సరిచేసి, మళ్ళీ అన్నే లాగుడులు కొలుస్తాను. ఆ తర్వాత అదే 40 మిల్లీమీటర్ల వలను తిప్పి టీ90 సంచి కుట్టించి మూడోసారి కొలుస్తాను. కిటికీ, గ్రిడ్, దీపాలు వంటివి ఈ మూడింటి ఫలితం చూశాకే. సంచి కొన్ని వారాలు వాడాక తడిగా ఉన్నప్పుడే కళ్ళను మళ్ళీ కొలవండి. నైలాన్ వల నీళ్ళలో కుదించుకుపోవచ్చు, ముడులు బిగుసుకోవచ్చు, కట్టినప్పుడు 40 ఉన్నది 37కి చేరి ఉంటే మీ లెక్కల్లో రాయవలసింది 37. మూడు సంచుల కొలతలూ చేతికి వచ్చాక జాతుల వారీ పొడవుల పట్టికతో సహా పంపండి. ఏ జాతికి ఏ సంచి పనికివచ్చిందో, కిటికీ పెట్టవలసి వస్తే అది ఎక్కడ ఉండాలో ఆ అంకెలను చూసి చెబుతాను.